గొడవ అయిన ఊళ్లో న్యాయం ఎక్కడ దొరుకుతుంది?

మీరు అడిగింది ఇది: గొడవలు జరిగిన ఊళ్లలో పెద్ద కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరక్కుండా, రువాండాలో పెట్టినట్టు ఊరి స్థాయి కోర్టులను బలపరిస్తే మేలు జరుగుతుందా, లేక పెద్దమనుషుల పెత్తనమే పెరుగుతుందా అని. నేను ఊరి పెద్దల తీర్పు చూశాను, కోర్టు కేసుల్ని రాజీతో తేల్చే లోక్ అదాలత్‌లోనూ కూర్చున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. 2013 పంచాయతీ ఎన్నికల తర్వాత ఊరు రెండు వర్గాలైంది. ఆ తర్వాత వచ్చిన అమ్మవారి పండగలో ఊరేగింపు ముందు ఏ వీధికి వెళ్లాలన్న దగ్గర మాటా మాటా పెరిగి కర్రలు లేచాయి. ప్రాణాలైతే పోలేదు. కానీ ఆ రాత్రి మా పిన్ని వాళ్ల వల ఎవరో కోసేశారు. బాబాయి పోయాక అప్పు చేసి కొన్న వల అది. తెల్లారి వెళ్లి చూస్తే ఒడ్డున ఇసుకలో కుప్పగా పడి ఉంది. పిన్ని దాని పక్కన కూర్చుని, కలిపి కుట్టుకోవడానికి పనికొచ్చే ముక్క ఎక్కడైనా మిగిలిందేమోనని బారలు కొలుస్తోంది. కొలిచి పక్కన పెట్టడం, మళ్లీ ఇంకో ముక్క తీయడం. ఏడవను కూడా లేదు.

వారం తిరక్కుండా కుల పెద్దలు గుడి ముందు కూర్చున్నారు. ఆడవాళ్లు గోడ అవతల నిలబడ్డారు. రెండు వర్గాలూ తప్పు కట్టాలి, ఆ డబ్బు గుడికి. కేసులు రాజీ చేసుకోవాలి. ఇకపై స్టేషన్ మెట్లెక్కిన వాళ్లను వెలి వేస్తారు. ఇదీ తీర్పు. వల సంగతి ఎవరూ ఎత్తలేదు. పిన్ని ముందుకు వెళ్లి అడగబోతే, "ఊరంతా సర్దుకుంటుంటే నీ వల గొడవేటమ్మా" అన్నారు. ఆ పెద్దలు చెడ్డవాళ్లని నేను అనను. మళ్లీ కర్రలు లేవకుండా ఆపింది వాళ్లే. కాకపోతే రెండు వర్గాల లెక్క తేల్చారు గానీ, పిన్ని నష్టం వాళ్ల లెక్కలోకే రాలేదు.

అప్పటికే కేసు, కౌంటర్ కేసు పడ్డాయి. పెద్దలు రాజీ అన్నంత మాత్రాన పోలీసు కేసు పోదు కదా. వాయిదాలు మొదలయ్యాయి. మా కుర్రాళ్లలో చాలామంది గుజరాత్‌లోని వేరావల్‌కు బోట్ల మీద పనికి వెళ్తారు. ఆగస్టులో వెళ్తే మళ్లీ ఎండాకాలంలోనే ఇంటికి రావడం. వాయిదాకు రాకపోతే వారెంటు. వస్తే రానూపోనూ రైలు ఖర్చులు, పోయిన కూలి, బోటు యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు బాకీ. నాలుగేళ్లు గడిచినా ఒక్క సాక్షి విచారణ జరగలేదు. వాయిదా అంటేనే ఇళ్లలో టెన్షన్.

2017లో మా వీధిలో అంగన్‌వాడీలో పనిచేసే ఒకామె పారాలీగల్ వాలంటీరుగా, అంటే ఊళ్లో జనానికి న్యాయ సహాయం దారి చూపే మనిషిగా, శిక్షణ తీసుకుంది. ఆమె చెప్పాకే పిన్ని మండల న్యాయ సేవాధికార కమిటీకి తెల్లకాగితం మీద అర్జీ పెట్టింది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని 1987 చట్టంలోనే ఉంది. మాకెవరికీ తెలియదు. లోక్ అదాలత్ రోజున జడ్జి, ఒక లాయరు, ఒక సామాజిక కార్యకర్త కూర్చున్నారు. పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మా, వల ఎంతకు కొన్నారు? మీకేం కావాలి?" అని జడ్జి అడిగారు. పిన్ని జవాబు చెప్పకుండా నా వైపు తిరిగి, "ఇన్నాళ్లకి నన్నడిగినారు నాయనా" అంది. వల ఖరీదు రెండు విడతల్లో ఇచ్చేట్టు ఒప్పందం రాసి, తెలుగులో చదివి వినిపించి, వేలిముద్రలు తీసుకున్నారు. ఆ ఒప్పందాన్నే అవార్డు అంటారు. దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. రెండో విడత ఆలస్యమైతే ఈపీ, అంటే డిక్రీని అమలు చేయించమని కోర్టులో పిటిషన్, వేస్తామన్నాం. అంతే, డబ్బు వచ్చింది.

అన్నీ తీరిపోలేదు. దెబ్బల కేసు, ఆస్తి నష్టం కేసు రాజీ అయ్యాయి గానీ, ఐపీసీలోని అల్లర్ల సెక్షన్లు 147, 148 చట్టప్రకారం రాజీకి రావు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారినా అవి ఇప్పటికీ రాజీకి రావు. వాటి కోసం మా వాళ్లు ఇంకో రెండేళ్లు తిరిగారు. ఊరు కలిసిపోయి, ఎదురు వర్గం పెళ్లిళ్లకు భోజనాలకు వెళ్తూ, మళ్లీ అదే కోర్టు వరండాలో చెరోవైపు నిలబడేవాళ్లు.

రువాండా సంగతికొస్తే, 1994 మారణహోమం తర్వాత జైళ్లు నిండిపోయి, మామూలు కోర్టుల వల్ల కాక గచాచా అనే ఊరి కోర్టులు పెట్టారు. ఊరివాళ్లు ఎన్నుకున్న మనుషులే జడ్జీలు. 2012లో మూసేసేనాటికి పది లక్షలకు పైగా కేసులు తేల్చారు. అంత వేగం ఇంకో దారిలో వచ్చేది కాదు. కానీ అక్కడ ముద్దాయికి లాయరు లేడు, ఆ యుద్ధంలో గెలిచి అధికారంలోకి వచ్చిన పక్షం సైనికులు చేసిన హత్యలు వాటి ముందుకు రాలేదు. మా గుడి ముందు జరిగింది చాలా చిన్నది, దానితో పోలికే లేదు. అయినా బలం లేనివాడి మాట ఎవరు వింటారన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా అదే.

అందుకే నా జవాబు: బలపరచాల్సిందే, కానీ చట్టం ఉన్న కోర్టునే ఊరికి తేవాలి. మనకు 2008 గ్రామ న్యాయాలయాల చట్టం ఉంది, 2009 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. న్యాయాధికారి ఊళ్లకే వచ్చి, రెండేళ్లకు మించని శిక్ష పడే నేరాలు, చిన్న సివిల్ తగాదాలు విచారించవచ్చు. మా వైపు అలాంటి కోర్టు ఊళ్లోకి రావడం నేనింతవరకూ చూడలేదు. అది వచ్చి ఉంటే వేరావల్ కుర్రాళ్లు ఊళ్లో ఉండే ఎండాకాలంలోనే విచారణ పెట్టించుకునేవాళ్లం. పెద్దలను పక్కన పెట్టమని నేను చెప్పను. ఇరువర్గాలనూ కూర్చోబెట్టి మాట్లాడించడం వాళ్లకే వచ్చు. తీర్పు చెప్పే అధికారం, వెలి వేసే అధికారం మాత్రం వాళ్లకు ఉండకూడదు. మహారాష్ట్రలో వెలిని నేరం చేస్తూ 2016లో చట్టం తెచ్చారు. మనకూ అలాంటిది కావాలి. అత్యాచారం, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో ఎవరైనా రాజీ చేస్తామని వస్తే అసలు ఒప్పుకోకండి.

మీ ఊళ్లో ఇలాంటి కేసు నడుస్తుంటే 15100కు ఫోన్ చేయండి, ఉచిత న్యాయ సహాయం నంబరు అది. లోక్ అదాలత్‌కు వెళ్లేముందు మీ సెక్షన్లలో ఏవి రాజీకి వస్తాయో, ఏవి రావో లాయర్ని అడిగి రాసుకోండి. నష్టపోయిన మనిషి తరఫున ఇంకొకరు మాట్లాడకుండా ఆమెనే తీసుకెళ్లండి. చదివి వినిపించకుండా వేలిముద్ర వేయకండి. అవార్డు కాపీ అదే రోజు అడగండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు.