ఎనిమిదిలో ఆపితే లెక్కలొస్తాయా?

ప్రశ్న: మా అక్కావాళ్ళది కోసిగి దగ్గర పల్లె. మేనల్లుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది, మేనకోడలు ఐదు చదువుతున్నారు. ఇకమీదట ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవాళ్ళను పై తరగతికి పంపరని వింటున్నాను. నిజమేనా? అట్లా చేస్తే పిల్లలకు మంచిదా, చెడ్డదా?

జవాబు:

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోనే లెక్కల సారుని. చట్టం సంగతి చిన్నది, ముందు అది చెప్పేస్తాను.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిది పూర్తయ్యేదాకా ఏ పిల్లోడినీ అదే తరగతిలో ఆపకూడదు, బడి నుంచి తీసెయ్యకూడదు. 2019లో దీన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టాలి. తప్పినవాళ్ళకు అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లోపు ఇంకోసారి రాయించాలి. అప్పటికీ తప్పితే ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టానికి వదిలేశారు. 2024 డిసెంబరులో టీవీల్లో హడావుడి చేసిన ఉత్తర్వు కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లాంటి కేంద్రం బడులకు సంబంధించింది. మీ మేనల్లుడి బడి సంగతి తేల్చాల్సింది రాష్ట్రం. ఒకవేళ ఆపినా, ఎనిమిది పూర్తి కాకుండా బడి నుంచి పంపేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఎవరైనా టీసీ చేతిలో పెట్టబోతే ఈ ముక్క అడగండి.

ఇక మంచా చెడ్డా అంటే, పరీక్ష పెట్టాల్సిందే, ఆపడం మాత్రం వద్దు అంటాను నేను. స్టాఫ్ రూములో ఈ మాటకు నాతో కలిసొచ్చేవాళ్ళు తక్కువ. "ఫెయిల్ భయం లేకపోతే ఎవడు చదువుతాడు సార్" అంటారు. భయంతో చదువు వచ్చేటట్టయితే పదో తరగతిలో ఎవరూ తప్పకూడదు కదా, అంతకన్నా భయం ఏ తరగతికుంది?

ఎనిమిదిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు జూన్‌లో ఒక తీసివేత ఇస్తుంటాను. 503లోంచి 167. కొందరు 464 అని రాస్తారు. ఎర్ర ఇంకుతో కొట్టేసే ముందు ఆ అంకెలు ఎట్లా వచ్చాయో చూడండి. ఏడులోంచి మూడు పోతే నాలుగు, ఆరులోంచి సున్న పోతే ఆరు, ఐదులోంచి ఒకటి పోతే నాలుగు. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడకుండా ప్రతిచోటా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసుకుంటూ పోయాడు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం చెప్పిన రోజుల్లో వాడు బడిలో లేడు, ఉన్నా ఎక్కలేదు. మొద్దు కాదు వాడు. తనకు తెలిసిన పద్ధతిని పొల్లు పోకుండా పాటించాడు. పుల్లల కట్టలు ముందేసుకుని పది పుల్లల కట్ట విప్పి చూపిస్తే కుదురుతుంది. కానీ అది మూడో తరగతి పాఠం, నా చేతిలో ఉండేది ఎనిమిదో తరగతి సిలబస్.

అదే పిల్లోడు రెండేళ్ళకు పదిలో పబ్లిక్ రాస్తాడు, వర్గ సమీకరణాల దగ్గర సున్నా తెచ్చుకుంటాడు. ఆ సున్నాను చూసి వాడికి తీసివేత రాదని ఎవరు చెప్పగలరు? స్పాట్ వాల్యుయేషన్‌లో దిద్దే సారుకు వాడి పేరు కూడా తెలీదు. తెలిసినా అప్పుడేం చేస్తాం? అందుకే ఐదులో, ఎనిమిదిలో ఒక గట్టి పరీక్ష కావాలంటాను. మార్కుల కోసం కాదు, 464 లాంటివి ముందే బయటపడాలని.

ఆపడం ఎందుకొద్దంటే, ఎనిమిదిలో ఆపితే వాడికి మళ్ళీ ఎనిమిదో తరగతి పాఠాలే చెప్తాం. వాడికి కావాల్సింది మూడో తరగతిది. నా చిన్నప్పుడు మా బేతంచెర్ల వైపు ఏడో తరగతికి పబ్లిక్ అంటే పెద్ద గండం. నాతో చదివి అందులో తప్పినవాళ్ళు బండల ఫ్యాక్టరీల్లో తేలారు. మళ్ళీ కట్టి పాసైనవాళ్ళు ఉన్నారు, కానీ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. తప్పిందంటే ఇంట్లోవాళ్ళకు సంబంధాలు చూడడానికి ఒక సాకు దొరికినట్టే.

మీరడగలేదు గానీ, మన వైపు అసలు రోగం సుగ్గి, అంటే కోతల కూలికి ఊరొదిలి వలస పోవడం. 2024 పది ఫలితాల్లో రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం పాసైతే కర్నూలు జిల్లా 62.47 శాతంతో అట్టడుగున నిలిచింది. సార్లను తిట్టారు, హెడ్మాస్టర్లను మీటింగుల్లో నిలబెట్టారు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం పల్లెల్లో సంక్రాంతి తర్వాత ఒక్కసారి తిరిగి చూసినవాళ్ళకు వేరే సంజాయిషీ అక్కర్లేదు. గుంటూరు వైపు మిరప కోతలకని ఊళ్ళకు ఊళ్ళే లారీలెక్కుతాయి. పిల్లలూ పోతారు, పెద్దవాడు కోతకు, చిన్నది తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి. పబ్లిక్ ఏమో మార్చిలో. పైగా సగం ఇళ్ళలో మాట్లాడేది కన్నడం, పుస్తకం తెలుగో ఇంగ్లీషో.

చట్టంలో నాకు నచ్చింది ఆ రెండు నెలల మాట. చాలామంది సార్లు "ఎండాకాలం సెలవుల్లో ఎవడొస్తాడు, ఎవడు చెప్తాడు" అని తీసిపారేస్తారు. మన వైపు లెక్క తిరగేసి చూడాలి. ఉగాది దాటాక సుగ్గికి పోయినవాళ్ళు ఇళ్ళకొస్తారు, వానలు పడేదాకా చేలల్లో పనుండదు. పిల్లలు ఊళ్ళో ఖాళీగా దొరికేది ఆ రెండు నెలలే. బడి తెరిచి మధ్యాహ్న భోజనం పెడితే వస్తారు. చెప్పేవాళ్ళకు జీతమో సెలవో లెక్క తేల్చాల్సింది ప్రభుత్వం.

పది పబ్లిక్‌ను మాత్రం తీసెయ్యాలని అనను. 600 మార్కులు, సబ్జెక్టుకు 35 వస్తే పాస్, హిందీకి 20 చాలు. ఆ మార్కుల మీదే ఇడుపులపాయ, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో సీట్లు. ప్రభుత్వ బడి పిల్లలకు అక్కడ 4 శాతం కలుపుతారు కూడా. కరోనాతో 2020లో పది పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. అప్పుడు ట్రిపుల్ ఐటీకి విడిగా ప్రవేశ పరీక్ష పెట్టాల్సొచ్చింది. సిఫార్సు లేని పిల్లోడికి ఏదో ఒక కొలబద్ద ఉండాలి, లేకపోతే తెలిసినవాళ్ళున్నవాడికే సీటు. ఆ కొలబద్దకు జడిసి నూటికి నూరు శాతం బోర్డు కోసం తొమ్మిదిలోనే "వేరే బడి చూసుకోండి" అని పంపేసే ప్రైవేటు బడులున్నాయి. అట్లా వచ్చిన పిల్లలను మేం చేర్చుకుంటాం, వాళ్ళ ఫలితం మా లెక్కలో పడుతుంది. ఇది నా ఏడుపులెండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మేనల్లుడి మార్కులు అడక్కండి. మొన్న రాసిన ఎస్ఏ-1 (అర్ధ సంవత్సర పరీక్ష) జవాబు పేపర్లు చూపించమని అడగండి, చూపిస్తారు. ఇంట్లో ఆ 503 తీసివేత ఒకటి, మూడంకెల భాగహారం ఒకటి చేయించండి. తెలుగు పుస్తకంలో ఒక పేరా గట్టిగా చదివించి, అదేంటో సొంత మాటల్లో చెప్పమనండి. ఇందులో ఏది తడబడినా లెక్కల సారుకో తెలుగు సారుకో అదే చెప్పండి, "బాగా చదివించండి సార్" అంటే మాకేం అర్థం కాదు. పర్వాలేదనిపిస్తే ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. అది ఎనిమిదిలోనే రాయాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలొస్తాయి.

అక్కావాళ్ళు సుగ్గికి పోయేదుంటే పిల్లలను వెంట తీసుకుపోనివ్వకండి. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెడుతుంటారు, ఈసారి మీ ఊళ్ళో ఉందో లేదో హెడ్మాస్టరును డిసెంబరులోనే అడగండి. మేనకోడలికి వచ్చే ఏడు ఆరు కాబట్టి కస్తూర్బా విద్యాలయానికి పెట్టండి, తిండీ బసా అక్కడే. దరఖాస్తులు పిలిచేది ఎండాకాలం ముందు, సరిగ్గా మీ అక్క మిరప చేలో ఉండే రోజుల్లో. పాప ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు ఊళ్ళో అవ్వ దగ్గర పెట్టి పొమ్మనండి.