ఆదాయం తక్కువున్న బేస్‌బాల్ జట్టు పేరొచ్చిన ఆటగాళ్లను వదులుకోవడం తెలివైన పనేనా? ఒక ఓక్లండ్ అభిమాని జవాబు

ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “ఆదాయం తక్కువున్న బేస్‌బాల్ జట్లు తాము తయారుచేసిన ఆటగాళ్లకు పేరు రాగానే వారిని వదిలేసి, కుర్రవాళ్లతో మళ్లీ జట్టు కట్టుకోవడం తెలివైన పద్ధతే కదా, అభిమానులు దానికి అంతగా బాధపడడం ఎందుకు?”

నేను కాలిఫోర్నియాలో ఓక్లండ్‌కు దగ్గరలో ఉన్న ఫ్రీమాంట్‌లో ఉంటాను. అథ్లెటిక్స్ జట్టు ఓక్లండ్‌లో ఉన్నన్నాళ్లూ బార్ట్ రైలెక్కి కోలిజియం స్టేషన్‌లో దిగి, రెండువైపులా కంచె ఉన్న ఆ పొడవాటి వంతెన మీద వేరుశనక్కాయల పొట్లం బేరమాడి కొనుక్కుని లోపలికి వెళ్లిన అభిమానిని కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను. ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఉంచుకోవడానికి కనీస ప్రయత్నం కూడా చేయకుండా చేతులు దులుపుకుని, దానికి తెలివి అని పేరు పెట్టడమే నేను సహించలేను. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియాలంటే మార్కస్ సిమియన్ సంగతి తెలుసుకుంటే చాలు.

సిమియన్ శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి, బర్క్‌లీలో యూనివర్సిటీ జట్టుకు ఆడిన స్థానికుడు. 2014 డిసెంబరులో జెఫ్ సమార్జాను షికాగో వైట్ సాక్స్‌కు ఇచ్చినప్పుడు బదులుగా వచ్చినవారిలో అతనొకడు, పిచర్ (బంతి విసిరే ఆటగాడు) క్రిస్ బాసిట్ మరొకడు. మరుసటి ఏడాదికల్లా ఫ్రీ ఏజెంటుగా, అంటే ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాడిగా, వెళ్లిపోవలసిన పిచర్‌ను ఇచ్చి ఇద్దరు పనికొచ్చే కుర్రవాళ్లను తెచ్చుకున్న ఆ బేరాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. అయితే వచ్చిన సిమియన్ 2015లో షార్ట్‌స్టాప్‌గా (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్‌గా) ఏకంగా 35 ఎర్రర్లు, అంటే ఫీల్డింగ్ తప్పులు, చేశాడు. నేల మీద దొర్లుకుంటూ వచ్చే మామూలు బంతి కూడా అతని చేతిలోకి వెళ్లేదాకా స్టేడియంలో ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్లం. ఆ ఏడాది మధ్యలో కోచ్‌గా వచ్చిన రాన్ వాషింగ్టన్ అతన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, అరచేతి అంత ఉండే చిన్న గ్లవ్ తొడిగించి, దగ్గర నుంచి బంతులు విసురుతూ ప్రతిరోజూ ఆటకు ముందు సాధన చేయించాడు. ఆ ఓపిక ఫలితం నాలుగేళ్లకు కనిపించింది. 2019లో సిమియన్ 162 ఆటలూ ఆడి, 33 హోమ్ రన్లు (బంతిని గోడ దాటించే దెబ్బలు) కొట్టి, అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు.

కోవిడ్ కారణంగా 60 ఆటలకే కుదించిన 2020 సీజన్‌లో అతని బ్యాటింగ్ సగటు .223కి పడిపోయింది. అయినా జట్టు తన డివిజన్ (లీగ్‌లోని ప్రాంతీయ విభాగం) గెలిచింది. సీజన్ ముగిసి అతను ఫ్రీ ఏజెంట్ అయినప్పుడు యాజమాన్యం చేయవలసిన పని ఒక్కటే: ఒక ఏడాదికి కోటీ 89 లక్షల డాలర్ల ‘క్వాలిఫయింగ్ ఆఫర్’ ఇవ్వడం. అతను ఒప్పుకుంటే మరో ఏడాది మంచి షార్ట్‌స్టాప్ ఉంటాడు. కాదని మరో జట్టుకు వెళ్తే పరిహారంగా డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రవాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, అదనపు ఎంపిక దక్కుతుంది. ఎటు చూసినా నష్టం లేని ఆ ఆఫర్‌ను మావాళ్లు ఇవ్వనే లేదు. తర్వాత వచ్చిన వార్తల ప్రకారం, ఏడాదికి కోటీ పాతిక లక్షల డాలర్లు ఇస్తామని, అందులో కోటి డాలర్లను ఏటా పది లక్షల చొప్పున పదేళ్లపాటు చీటీ వాయిదాల్లా చెల్లిస్తామని కబురు పంపారు. టొరంటో బ్లూ జేస్ జట్టు మాత్రం కోటీ 80 లక్షలు ఒకే ఏడాదికి ఇచ్చి అతన్ని తీసుకుపోయింది.

2021 సెప్టెంబరు 3వ తేదీ, శుక్రవారం. టొరంటోలో రాత్రి ఆట అంటే మాకు సాయంత్రం నాలుగు గంటలకే మొదలవుతుంది. ఇంటి నుంచి పని చేస్తున్న రోజులు కావడంతో నేను ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి, పక్కన టీవీలో మాటలు వినిపించకుండా ఆట పెట్టుకున్నాను. టొరంటోలో ఉండే మా బావమరిది ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాడు. అతనికి బేస్‌బాల్ మీద పెద్ద ఆసక్తి లేదు, స్నేహితులు టికెట్ ఇచ్చారని వెళ్లాడు. మావాళ్లు చాలాసేపు హాయిగా ముందంజలో ఉన్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో టొరంటో ఆటగాడు లూర్డెస్ గురియెల్ గ్రాండ్ స్లామ్‌తో (ఒకేసారి నాలుగు పరుగులిచ్చే హోమ్ రన్‌తో) స్కోరు సమం చేశాడు. తొమ్మిదిలో మావాళ్లు మళ్లీ రెండు పరుగులు సంపాదించి 10–8కి తెచ్చేసరికి, ఇక గండం గట్టెక్కిందని మా బావమరిదికి ఒక పొగరుబోతు మెసేజ్ కూడా పంపాను. అప్పుడు సెర్జియో రోమో బంతి వేయడానికి నిలబడ్డాడు, బేసుల మీద ఇద్దరున్నారు, బ్యాటు పట్టుకుని వచ్చింది సిమియన్. బంతి గోడ దాటుతున్నప్పుడు టీవీ శబ్దం ఆపి ఉన్నా ఆ స్టేడియం హోరు నాకు వినిపించినట్టే అనిపించింది. 11–10. నిమిషం తిరగకుండానే ఫోన్ మోగింది. “బావా, మీవాళ్లు వదిలేశారని నువ్వు ఏడాది నుంచి తిడుతున్న మనిషి ఇతనేగా!” అని బావమరిది అంతటి గోలలోనూ అరుస్తున్నాడు. మీటింగులో నా పేరు పిలిచి ఏదో అడిగారు, ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

ఆ ఏడాది హోమ్ రన్ కొట్టినవారికి టొరంటో ఆటగాళ్లు ఒక నీలం కోటు తొడిగేవారు, ఆ ఏడాది సిమియన్ కొట్టిన హోమ్ రన్లు 45. సెకండ్ బేస్ ఆడే ఆటగాడు ఒక సీజన్‌లో కొట్టిన హోమ్ రన్లలో అదే రికార్డు అయింది. మేము ఆ సీజన్‌ను 86 విజయాలతో ముగించి ప్లేఆఫ్‌కు చేరకుండానే ఇంటిదారి పట్టాం.

కథ అక్కడితో ఆగి ఉంటే దురదృష్టమని సరిపెట్టుకునేవాణ్ని. సిమియన్ వెళ్లిపోయాక ఖాళీ అయిన స్థానానికి మావాళ్లు టెక్సస్ రేంజర్స్ నుంచి ఎల్విస్ ఆండ్రూస్‌ను తెచ్చారు. అతను నిజాయితీగా కష్టపడే మనిషి, సెప్టెంబరులో గెలుపు పరుగు కోసం హోమ్ ప్లేట్ వైపు పరుగెత్తుతూ కాలి ఎముక విరగ్గొట్టుకున్నవాడు, అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కానీ ఆ సీజన్ మొత్తంలో అతని హోమ్ రన్లు మూడు. అతని కోసం క్రిస్ డేవిస్‌తో పాటు మావాళ్లు టెక్సస్‌కు ఇచ్చినవారిలో జోనా హైమ్ అనే యువ క్యాచర్ ఉన్నాడు. సిమియన్ కూడా ఆ ఏడాది చివర ఏడేళ్లకు 17 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందంతో అదే టెక్సస్‌కు చేరాడు. 2023 నవంబరు 1న ఫీనిక్స్‌లో వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌ను తేల్చే సిరీస్) ఐదో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో హైమ్ కొట్టిన సింగిల్‌తో (ఒక బేసు చేర్చే దెబ్బతో), దానికి తోడు అరిజోనా ఫీల్డర్ గ్లవ్‌కు బంతి చిక్కకపోవడంతో రెండు పరుగులు వచ్చాయి, ఆ తర్వాత సిమియన్ రెండు పరుగుల హోమ్ రన్ కొట్టి ఆట ముగించినంత పని చేశాడు. టెక్సస్ తన చరిత్రలో తొలిసారి ఛాంపియన్ అయిన ఆ రాత్రి, చివరి దెబ్బలు కొట్టిన ఇద్దరూ మావాళ్లు పోగొట్టుకున్నవారే.

ఏడేళ్ల ఒప్పందాలు చివరి ఏళ్లలో గుదిబండలవుతాయని, టెక్సస్ కూడా 2025 నవంబరులో అతన్ని న్యూయార్క్ మెట్స్‌కు ఇచ్చి బ్రాండన్ నిమ్మోను తెచ్చుకుందని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో పస లేదు. టెక్సస్ నాలుగు సీజన్లు వాడుకుంది, ఆ నాలుగింటిలో ఒక ట్రోఫీ గెలిచింది, ఆ తర్వాత కూడా అతనికి బదులుగా ఒక రెగ్యులర్ ఆటగాణ్ని రాబట్టుకుంది. మాకు దక్కింది ఏమిటి? డ్రాఫ్ట్ ఎంపిక కూడా దక్కలేదు.

నిజానికి మావాళ్ల బేరాల చరిత్ర మొత్తం ఇలాంటిదే అనడం అన్యాయం. జాష్ డొనాల్డ్‌సన్‌ను 2008లో షికాగో కబ్స్ నుంచి కుర్రవాడిగా తెచ్చి పెద్ద ఆటగాడిగా మలిచింది వీళ్లే. 2014 చివర అతన్ని టొరంటోకు ఇచ్చేసిందీ వీళ్లే. మరుసటి ఏడాదే అతను లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. బదులుగా వచ్చిన నలుగురిలో అందరూ ఆశ పెట్టుకున్న ఫ్రాంక్లిన్ బరేటో నిలదొక్కుకోలేదు. 2020లో అతన్ని ఇచ్చి టామీ లా స్టెల్లాను తెచ్చారు, అతను కొన్ని వారాలు ఆడి ఫ్రీ ఏజెంటుగా బే అవతలి ఒడ్డున ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు వెళ్లిపోయాడు. లీగ్ అత్యుత్తమ ఆటగాడితో మొదలైన గొలుసు ఆరేళ్లలో సున్నాకు చేరింది.

ఒకప్పటి మా జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ పేరు చెప్పి నాకు పాఠాలు చెప్పేవాళ్లతో మరో చిక్కు ఉంది. చవకగా ఆటగాళ్లను ఏరి 2002లో వరుసగా 20 ఆటలు గెలిచారన్న కథ అందరికీ కంఠతా వచ్చు. ఆ జట్టులో టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్, బ్యారీ జీటో అనే ముగ్గురు మేటి పిచర్లు ఉన్నారని, మిగెల్ తెహాదా ఆ ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడని, వాళ్లంతా సొంత శిక్షణలో ఎదిగినవాళ్లని మాత్రం ఎవరూ గుర్తు చేసుకోరు. ఆ కథ విన్న ప్రతి యజమానీ తన పిసినారితనానికి గణాంకశాస్త్రం ముసుగు వేసుకోవడం నేర్చుకున్నాడు.

హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు ఐపీఎల్‌ను చూసి, జట్లన్నింటికీ ఒకటే పర్సు ఉంటుంది కదా అని అడుగుతుంటారు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఎక్కువ ఖర్చు పెట్టేవారికి ఒక హద్దు దాటాక పన్ను పడుతుంది, తక్కువ ఖర్చు పెట్టేవారికి మాత్రం ఇంతకంటే దిగరాదనే కచ్చితమైన కనీస హద్దు లేదు. అందువల్లే నేను జనరల్ మేనేజర్ డేవిడ్ ఫోర్స్ట్‌ను పెద్దగా నిందించను. పర్సు తాళం యజమాని జాన్ ఫిషర్ దగ్గర ఉంటుంది, ఆయన బీదవాడేమీ కాదు, గ్యాప్ బట్టల దుకాణాలను స్థాపించిన కుటుంబం ఆయనది. 2021 తర్వాత మేనేజర్ (జట్టు ప్రధాన శిక్షకుడు) బాబ్ మెల్విన్‌ను ఏ పరిహారమూ అడగకుండా శాన్ డియేగోకు పంపేశారు. మరుసటి మార్చిలో మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్, బాసిట్ ఒకే వారంలో వెళ్లిపోయారు. 2022లో 102 ఓటములు, 2023లో 112. ఈలోగానే, జనం రావడం లేదు కాబట్టి ఊరు మారుస్తామన్నారు. 2023 జూన్ 13న, మంగళవారం నాడు, చివరి స్థానంలో ఉన్న ఆ జట్టు ఆట చూడడానికి 27,759 మంది వచ్చి, జట్టును అమ్మేయమని యజమానిని కోరుతూ ఆకుపచ్చ చొక్కాలతో నిలబడితే కూడా ఆ మాట మార్చుకోలేదు. కొత్త స్టేడియం ఒకప్పుడు మా ఫ్రీమాంట్‌లోనే కడతామని 2006లో చెప్పి 2009లో విరమించుకున్నారు, తర్వాత శాన్ హోసె అన్నారు, ఓక్లండ్ రేవు అన్నారు, చివరికి లాస్ వేగస్ అన్నారు.

ఇప్పుడు శాక్రమెంటోలో తాత్కాలికంగా ఆడుతున్న ఈ జట్టుకు ఓక్లండ్‌లో దొరకని డబ్బు ఎక్కడి నుంచో దొరికింది. లూయిస్ సెవెరినోకు మూడేళ్లకు 6 కోట్ల 70 లక్షలు, బ్రెంట్ రూకర్‌కు ఐదేళ్లకు 6 కోట్లు, లారెన్స్ బట్లర్‌కు ఏడేళ్లకు 6 కోట్ల 55 లక్షల డాలర్లు ఇచ్చారు. రూకర్, బట్లర్ ఒప్పందాలను నేను మనసారా సమర్థిస్తాను, ఎందుకంటే చేయవలసిన పని అదే. 2025 జులై చివర మేసన్ మిల్లర్‌ను శాన్ డియేగోకు ఇచ్చి లియో డి వ్రీస్ అనే 18 ఏళ్ల షార్ట్‌స్టాప్‌ను తెచ్చినప్పుడు నా మిత్రులు గొడవ చేశారు గానీ నేను చేయలేదు. ఆటకు ఒక ఇన్నింగ్స్ వేసే పిచర్‌ను, ఎంత వేగంగా వేసినా సరే, ధర పైస్థాయిలో ఉన్నప్పుడు ఇచ్చేయడమే మంచిది.

నిక్ కర్ట్స్ విషయం వేరు. 2025 జులై 25న హ్యూస్టన్‌లో ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు కొట్టి, ఆ ఏడాది లీగ్ ఉత్తమ రూకీగా (తొలి సీజన్ ఆటగాడిగా) ఎంపికైన ఫస్ట్ బేస్ ఆటగాడు అతను. ఆరేళ్ల సర్వీసు నిండి ఫ్రీ ఏజెంట్ అయ్యాక మాట్లాడదామని కూర్చుంటే అప్పటికి అతని ధర ఈ యజమాని పలకలేని స్థాయికి చేరుతుంది. అడిగేదేదో కుర్రవాడు ఇంకా వినే దశలో ఉన్నప్పుడే అడగాలి, అడిగే మొత్తం కూడా వాయిదాలు లేనిదై ఉండాలి. అతని ఆట చివరి ఏళ్లలో చూసేది లాస్ వేగస్ జనమే గానీ నేను కాదు, అయినా ప్రశ్న అడిగారు కాబట్టి చెబుతున్నాను.