నాన్నగారి పాత ఉక్కు సైకిల్: పెయింటు వేయించాలా, ఇంట్లోనే బాగుచేసుకోవాలా?

మీ నాన్నగారి నల్ల హెర్క్యులస్ పన్నెండేళ్లుగా మెట్ల కింద ఉంది, ఒళ్లంతా తుప్పు, పెడల్ తిరగడం లేదు, షాపువాళ్లేమో మొత్తం గీకించి పౌడర్ కోటింగ్ వేయిస్తే కొత్తదానిలా ఉంటుందంటున్నారు, ఏం చేయమంటారు అని అడిగారు. దయచేసి పెయింటు వేయించకండి. కనీసం ఒక నెల ఆగండి. ఈలోగా ఇంట్లో ఏం చేయవచ్చో, నేను చేసినదాన్ని బట్టి చెబుతాను.

మా నాన్నగారు బందరు దగ్గర పల్లెలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. 1974లో కొన్న హెర్క్యులస్ మీద రోజూ బడికి వెళ్లొచ్చేవారు. ఆయన పోయాక అది గొడ్ల సావిట్లోనే ఉండిపోయింది. సముద్రం దగ్గరి ఊరు కదా, ఉప్పుగాలికి రిమ్ములు ఎర్రగా అయిపోయాయి. మూడేళ్ల క్రితం నాకూ ఒక షాపులో ఇదే సలహా ఇచ్చారు. ఒప్పుకోబోయి, ముందు ఒకసారి కడిగి చూద్దామని సబ్బునీళ్లతో తుడిచాను. మురికి కింద నల్ల ఎనామిల్ నిగనిగలాడుతూ ఉంది. మడ్‌గార్డు మీద బంగారు గీత కూడా అలాగే ఉంది. బారు మీద ఒకచోట మాత్రం రంగు పోయి ఉక్కు కనిపిస్తోంది. నాన్న తువ్వాలు మడిచి వేసి నన్ను కూర్చోబెట్టుకున్న చోటు అది. దాన్ని పౌడర్ కోటింగ్ కింద కప్పేయడం నావల్ల కాలేదు.

కాబట్టి మీరు కూడా ముందు కడగండి. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి బనీను గుడ్డ చాలు. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ పంపుతో కొట్టించవద్దు, నీళ్లు బేరింగుల్లోకి దూరతాయి. కంపెనీ అక్షరాలు, స్టిక్కర్లు ఉన్నచోట థిన్నర్, పెట్రోలు తగలనీయకండి, అక్షరాలు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. ఇంకో మాట, ఆ కాలపు ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్ది దుమ్ము లేపకండి, ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త. ఎక్కడైనా రుద్దక తప్పకపోతే తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి.

హ్యాండిల్, రిమ్ముల్లాంటి మెరుపు పూత ఉన్న వాటికి అన్నం పార్సిల్ కట్టే సిల్వర్ ఫాయిల్ బాగా పనిచేస్తుంది. చిన్న ముద్దగా చేసి నీళ్లలో ముంచి రుద్దండి. అల్యూమినియం ఆ పూత కంటే మెత్తనిది కాబట్టి గీతలు పడవు, పైపై తుప్పు మాత్రం నల్లటి బురదలా ఊడి వస్తుంది. పూతే లేచిపోయి గుంటలు పడ్డచోట ఏం చేసినా కొత్తదనం రాదు. అక్కడ పలచగా మైనం పట్టించి వదిలేయడమే. నట్లు, క్లిప్పులు, స్టాండు ముక్కల్లాంటి చిన్న వాటిని నిమ్మ ఉప్పులో నానబెట్టవచ్చు. లీటరు నీటికి సుమారు 50 గ్రాములు, ప్లాస్టిక్ బకెట్లోనే. గంటకోసారి తీసి చూస్తుండాలి. నేను లైటు బిగించే బ్రాకెట్‌ను రాత్రంతా ఉంచేశాను, పొద్దునకు పైపొర తినేసి బూడిద రంగులో గరుకుగా తేలింది. తీసిన వెంటనే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి, ఎండబెట్టి, అప్పటికప్పుడే నూనె రాయాలి. అలా వదిలేస్తే గంటలోనే కొత్త తుప్పు పట్టేస్తుంది. స్ప్రింగులు, బేరింగ్ గుళ్లు మాత్రం అందులో వేయకండి. గట్టిపరిచిన ఉక్కు యాసిడ్‌లో నానితే పెళుసు తేలి విరిగే ప్రమాదం ఉంది.

ఇదంతా పైపై పని. సైకిల్ ప్రాణం ఉండేది లోపల, మీ పెడల్ తిరగకపోవడానికి కారణమూ అక్కడే. ఎండిపోయిన గ్రీజు జిగురులా గడ్డకట్టి ఉంటుంది. బయట ఎంత మెరిపించినా అది తీయకపోతే ప్రయోజనం లేదు. లోపలి భాగాలన్నీ విప్పి, శుభ్రం చేసి, కొత్త గ్రీజు పెట్టి బిగించడాన్ని పాత షాపుల్లో ఓవరాయిలింగ్ అనేవాళ్లు చూడండి, అదే మీరు చేయాల్సింది.

అన్నిటికంటే కష్టమైనది కాటర్ పిన్ను. పెడల్ చేతిని మధ్య యాక్సిల్‌కు బిగించి ఉంచే చిన్న చీల లాంటి ముక్క. నట్టు విప్పేసి సుత్తితో కొడితే వచ్చేస్తుందనుకుంటాం. నేను అలాగే కొట్టాను. మర ఉన్న కొస పుట్టగొడుగులా విచ్చుకుపోయింది, ఇక ఎటూ కదల్లేదు. చివరికి డ్రిల్లు పెట్టి తొలిచి తీయాల్సి వచ్చింది, సగం రోజు పోయింది. సరైన పద్ధతి ఇది. తుప్పు వదిలించే నూనె రోజూ పూటపూటా వేస్తూ ఐదారు రోజులు నాననివ్వండి. నట్టు పూర్తిగా తీయకుండా, పిన్ను కొసతో సమానంగా ఉండేలా తిప్పి ఉంచండి, అప్పుడు దెబ్బ మరల మీద పడదు. పెడల్ చేతి కింద, పిన్ను తల బయటికి రావడానికి ఖాళీ ఉండేలా, నేలకు ఆనించి ఒక ఇనుప గొట్టం ముక్క నిలబెట్టండి. ఈ ఆధారం లేకపోతే ప్రతి దెబ్బా లోపలి బేరింగ్ గుళ్ల మీద, అవి తిరిగే కప్పుల మీద పడి వాటికి సొట్టలు పడతాయి. బరువైన సుత్తితో ఒక్కటే తిన్నని దెబ్బ కొట్టాలి. చిన్న సుత్తితో ఇరవై దెబ్బలు కొడితే పిన్ను పాడవుతుందే తప్ప కదలదు.

కొత్త పిన్నులు కొనేటప్పుడు పాతది జేబులో వేసుకుని వెళ్లండి. 9 మిల్లీమీటర్లవి, 9.5 మిల్లీమీటర్లవి రెండూ ఉంటాయి, చూడ్డానికి ఒకేలా కనిపిస్తాయి. బిగించేటప్పుడు పెడల్ చేతులు నేలకు అడ్డంగా ఉంచి, ఒక పక్క పిన్ను పైనుంచి దించితే రెండో పక్కది కిందినుంచి ఎక్కించాలి. రెండూ పైనుంచే దించితే పెడళ్లు ఒక గీతలో ఉండవు, తొక్కుతుంటే తేడా తెలిసిపోతుంది. పిన్నును సుత్తితో కూర్చోబెట్టాకే నట్టు బిగించండి, నట్టుతో లాగితే మర తెగుతుంది.

కాటర్లు వచ్చాక ఎడమ వైపు రింగు, కప్పు విప్పితే మధ్య యాక్సిల్ బయటికి వస్తుంది. కుడి వైపు, అంటే చైను వైపు కప్పు జోలికి వెళ్లకండి. అది రివర్స్ థ్రెడ్, పైగా చాలా బిగువుగా ఉంటుంది. అలా ఉంచే గుడ్డ దూర్చి శుభ్రం చేయవచ్చు. ఎడమ పెడల్ కూడా రివర్సే, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. కింద పాత దుప్పటి పరచుకోండి, గుళ్లు జారి దొర్లిపోతాయి. నా సైకిల్‌లో మధ్యలో పక్కకు 11, వెనక హబ్బులో పక్కకు 9, రెండూ పావు అంగుళం గుళ్లే. ముందు హబ్బులో పక్కకు 10, అవి 3/16 అంగుళం. పాతవి మళ్లీ వాడకండి, అన్నీ కొత్తవి వేసినా పెద్ద ఖర్చు కాదు. శుభ్రం చేయడానికి కిరోసిన్ ఇప్పుడు దొరకడం కష్టం, నేను డీజిల్ వాడాను. పెట్రోలు వద్దు, ఇంట్లో మంటల భయం. కోన్‌ల మీద, అంటే యాక్సిల్‌కు ఉండే శంఖంలాంటి ముక్కల మీద, గుళ్లు తిరిగే దారి అద్దంలా ఉంటే ఉంచేయండి, గుంటలు కనిపిస్తే మార్చేయండి.

మీ దగ్గరున్న మెట్రిక్ పానాలు కొన్ని నట్లకు సరిగ్గా కూర్చోకపోవచ్చు. బర్మింగ్‌హామ్ వాళ్ల ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మురుగప్ప వాళ్లు 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో మొదలుపెట్టిన కంపెనీ నుంచి వచ్చిన సైకిళ్లు ఇవి, కొలతలన్నీ ఇంగ్లీషు అంగుళాలే. వదులుగా పట్టే పానాతో తిప్పితే నట్టు మూలలు అరిగిపోతాయి. ఒక మంచి స్క్రూ స్పానర్ కొనుక్కోండి. అదే పాత కొలత వల్ల ఒక మేలు కూడా ఉంది. 28 x 1½ టైర్లు ఇప్పటికీ మన మండల కేంద్రాల్లోని సైకిల్ షాపుల్లో దొరుకుతాయి. ఆన్‌లైన్లో మాత్రం 28 అని చూసి కొనేయకండి. టైరు మీద 635 అని (రిమ్ముకు పట్టే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో) ఉందో లేదో చూసుకోండి. 622 అని ఉన్నది మీ రిమ్ము మీదికి ఎక్కదు.

చైను సాగిందో లేదో కంటితో అంచనా వేయకండి, స్కేలు పెట్టి కొలవండి. ఒక పిన్నును సున్నా అనుకుని, దాని పక్కదాన్ని ఒకటిగా లెక్కపెడితే, మొదటి పిన్ను మధ్య నుంచి 24వ పిన్ను మధ్యకు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు సాగి ఉంటే మార్చేయండి.

చక్రాల బెండు తీయడం నేను చేయలేదు. ముందు చక్రానికి 32, వెనక దానికి 40 పుల్లలు (స్పోకులు), ఒకటి బిగిస్తే రెండోది లాగుతుంది. మా ఊళ్లో డెబ్బై దాటిన మేస్త్రీ గారు అరగంటలో రెండూ సరిచేసి ఇచ్చారు. ఇలాంటివారు మీ దగ్గర ఇంకా ఉంటే ఆ పని వారికే ఇవ్వండి, అడిగినంత ఇవ్వండి.

కడ్డీ బ్రేకులకు రబ్బర్లు కొత్తవి వేయండి. అవి రిమ్ము లోపలి వైపు పట్టుకుంటాయి కాబట్టి ఫాయిల్‌తో రుద్దేటప్పుడు అక్కడ కూడా శుభ్రం చేయాలి, మైనం, నూనె మాత్రం అక్కడ తగలకూడదు. ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు సరిగ్గా పట్టదు, వానలో ఈ సైకిల్ మీద రోడ్డెక్కకండి. తోలు సీటుకు కొబ్బరినూనె పట్టించమని చాలామంది చెబుతారు. వద్దండీ, తోలు మెత్తబడి ఊయలలా కిందికి జారిపోతుంది. తోలుకు వాడే మైనం పలచగా రాస్తే చాలు.

నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. టైర్లు, ట్యూబులు, చైను, పిన్నులు, గుళ్లు అన్నీ కలిపి ఖర్చు రెండు వేలు దాటలేదు. తొక్కడం మొదలుపెట్టి 50 కిలోమీటర్లు అయ్యాక ఒక్కసారి కాటర్ పిన్నుల మీద మళ్లీ ఒక దెబ్బ వేసి నట్లు బిగించండి, కొత్తవి కొంచెం కూర్చుంటాయి. మడ్‌గార్డుకో హ్యాండిల్‌కో పన్ను కట్టినందుకు అప్పట్లో ఇచ్చిన పాత పంచాయతీ సైకిల్ బిళ్ళ ఉంటే తీసేయకండి. మా నాన్నగారిది అలాగే ఉంచాను.

ఈ రోజు మాత్రం ఒక్క పని చేయండి. రెండు కాటర్ పిన్నుల మీద, సీటు రాడ్ ఫ్రేములోకి దిగే చోట, పెడళ్ల మొదట్లో నూనె వేసి వచ్చేయండి. వచ్చే ఆదివారం దాకా పానా పట్టుకోవద్దు.