కైరోలో ఒంటరిగా: బట్టలు, మెట్రో, బజారు
ఒంటరిగా కైరో వెళ్తున్నాను, బట్టల గురించీ మెట్రో గురించీ టెన్షన్‌గా ఉందని రాశారు కదండీ. కొత్త బట్టలేమీ కొనక్కర్లేదు, మన చుడీదార్లు చాలు. వీధిలో తల కప్పుకోవాలన్న నియమం లేదు. అల్ అజ్హర్ లాంటి మసీదులకు వెళ్లినప్పుడు మాత్రం చున్నీ తలమీద వేసుకోండి. మెట్రోలో రైలు మధ్యలో ఆడవాళ్ల పెట్టెలుంటాయి, అవే ఎక్కండి. రాత్రి అయితే ఊబర్ బుక్ చేసుకుని, బండి నంబరు సరిచూశాకే ఎక్కండి.

ఖాన్ అల్ ఖలీలీ బజారులో వెంటపడి పిలుస్తారు. మర్యాదకని నవ్వి జవాబిస్తే మాటలు పెంచుతారు. "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అనేసి ఆగకుండా నడవండి. ఎవరైనా చెయ్యి వేస్తే మాత్రం దయచేసి ఓర్చుకోకండి, గట్టిగా అరవండి. వేధింపు అక్కడ 2014 నుంచి నేరం, 2021లో శిక్షలు ఇంకా పెంచారు. టూరిస్ట్ పోలీసు నంబరు 126, ఇప్పుడే ఫోన్లో వేసుకోండి.