సమన్లు అంటే అరెస్టు వారంటు కాదు

దేవరకొండ దగ్గరి పొలం గట్టు తగాదాలో మీ అమ్మగారికి సివిల్ కోర్టు సమన్లు అందాయనీ, పోలీసులు వస్తారేమోనని ఇంటిల్లిపాదీ భయపడుతున్నారనీ రాశారు. ఇది క్రిమినల్ కేసు కాదు. దావా వేసిన పొరుగు రైతు వాది, మీ అమ్మగారు ప్రతివాది, అంతే.

భయపడవలసింది గడువు గురించే. సమన్లు అందిన 30 రోజుల్లోగా లిఖితపూర్వక జవాబు దాఖలు చేయాలి. కోర్టు కారణాలు నమోదు చేసి అనుమతిస్తే అది 90 రోజుల దాకా సాగవచ్చు. వాయిదాకు మీ తరఫున ఎవరూ హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే ప్రతివాది రాలేదని ప్రకటించి, వాది వాదన మాత్రమే విని డిక్రీ (తీర్పు ఉత్తర్వు) ఇచ్చే వీలుంది. దాన్ని రద్దు చేయించుకునే దారి ఉన్నా, అది చేజేతులా తెచ్చుకునే తిప్పలే.

వకీలు ఫీజు గురించి దిగులు వద్దు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది కాబట్టి, పహాణీ నకలు, పాసుపుస్తకం, సమన్ల ప్రతి పట్టుకొని నల్లగొండలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేయించండి.