స్లాబు ఉరుస్తుంటే సొంతంగా ఎంతవరకు బాగుచేసుకోవచ్చు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. హనుమకొండలో ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇల్లు. వానాకాలం రాగానే పడకగదిలో ఒక మూల స్లాబు ఉరుస్తోంది, దాని కింద గోడకు చెమ్మ పట్టి రంగు పొరలుగా లేస్తోంది. చూసిపోయిన సుతారి స్లాబు మొత్తం మీద రెండు అంగుళాల కొత్త కాంక్రీటు పోయాలంటున్నాడు. అంత ఖర్చు లేకుండా ఈ పని, దానితో పాటు నల్లాలు, స్విచ్‌బోర్డుల పని కూడా మీరే చేసుకోవచ్చా అని అడిగారు.

చాలా భాగం చేసుకోవచ్చు. కాజీపేటలో మా ఇంటి వయసు కూడా ఇంచుమించు అంతే, కొన్నేళ్లుగా దాని మరమ్మతులు ఎక్కువ వరకు నేనే చూసుకుంటున్నాను. ఈ పనుల్లో ఇంటివాళ్లు చేసినంత బాగా ఏ మేస్త్రీ చేయలేని పని ఒకటుంది, అది నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టడం. వాన పడుతున్నప్పుడు ఆ గదిలో ఉండేది మీరు. సుతారి ఎండ కాసిన రోజు వచ్చి, పావుగంట తలెత్తి చూసి, తనకు అలవాటైన మందు చెప్పి వెళ్లిపోతాడు. అతనిది తప్పని అనను, అతనికి కనిపించేది అంతే.

అందుకని ముందుగా తేల్చుకోవలసింది అవి వాన నీళ్లా, పైపు నీళ్లా అన్నది. ఏప్రిల్, మే నెలల్లో కూడా ఆ మూల తడిగా ఉంటే వానను నిందించి లాభం లేదు, ట్యాంకునో పైపులనో అనుమానించాలి. దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక నల్లాలన్నీ మూసి, పొడి కర్ర ఒకటి ట్యాంకు అడుగుదాకా దించి, తడి ఎంతవరకు వచ్చిందో పెన్సిలుతో గీత పెట్టండి. తెల్లారి ఎవరూ నీళ్లు వాడకముందు, మోటారు వేయకముందు మళ్లీ అదే కర్ర దించి చూడండి. నీటిమట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. మరుసటి రాత్రి ట్యాంకు కింద ఉన్న గేట్‌వాల్వు కూడా మూసి ఇదే చేయండి. అప్పుడు తగ్గకపోతే లోపం ఇంట్లోకి దిగే పైపుల్లో ఉంది, అప్పుడూ తగ్గితే ట్యాంకులోనో, వాల్వుకు ముందున్న అతుకుల్లోనో ఉంది. మా వంటింటి గోడ చెమ్మ సంగతి ఇలాగే తేలింది. ట్యాంకు నుంచి దిగే పైపును కోతులు పట్టుకుని వేలాడడంతో ఎల్బో దగ్గర అతుకు సడలి, నీళ్లు సన్నగా గోడలోకి దిగుతున్నాయి. మన దిక్కు కోతుల బెడద మీకు చెప్పనక్కరలేదు. డాబా మీది పైపులను గోడకు దగ్గర దగ్గరగా క్లాంపులతో బిగించడం, ఎండకు పెళుసుబారకుండా వాటికి రంగు వేయడం ఎవరైనా ఒక పూటలో చేసుకోగలిగిన పనులు.

వాన నీళ్లే అయితే వెతుకులాట ఇంకొంచెం ఓపిక అడుగుతుంది, ఎందుకంటే చుక్క పడే చోటే నీళ్లు దిగే చోటు కానవసరం లేదు. మా ముందు గదిలో చుక్క సరిగ్గా ఫ్యాను పక్కన పడేది. నీళ్లు దిగుతున్నది మాత్రం అక్కడికి కొన్ని గజాల అవతల, పిట్టగోడ మొదట్లో. స్లాబు పోసేటప్పుడు కరెంటు తీగల కోసం లోపల వేసిన పైపులోకి ఆ నీళ్లు చేరి, దాని వెంట నడిచి ఫ్యాను డబ్బా దగ్గర బయటపడుతున్నాయి. మీ ఇంట్లో కూడా ఫ్యాను దగ్గర గానీ లైటు దగ్గర గానీ తడి కనిపిస్తే, ఆ గది ఎంసీబీని, అంటే మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే స్విచ్‌ను దించి, కారణం తేలి తడి పూర్తిగా ఆరేదాకా దాన్ని మళ్లీ ఎత్తకండి.

ఇక్కడి ఇళ్లలో నీళ్లు దిగే చోట్లు కొన్నే. మొదటిది స్లాబూ పిట్టగోడా కలిసే మూల. స్లాబు ముందు పోసి, తరువాత ఎప్పుడో దాని మీద ఇటుకలతో పిట్టగోడ కడతారు కనుక ఆ అతుకు దగ్గర సన్నని పగులు రావడం మామూలే. రెండవది వాన నీటి పైపు మూతి. వేపాకులు అడ్డుపడి నీళ్లు నిలిస్తే పైపు చుట్టూ ఉన్న సందులోంచి దిగుతాయి. మూడవది పిట్టగోడ పగులులో మొలిచిన రావి మొక్క. దాన్ని పైపైన తుంచితే మళ్లీ చిగురిస్తుంది, గిలాబు (ప్లాస్టరింగు) తొలిచి వేరుతో సహా తీయాలి. మామూలు స్లాబు పగుళ్లు వీటి తరువాతే. ఏది అసలు దారో తెలియాలంటే డాబాను భాగాలుగా విడదీసి, ఒక్కో భాగం చుట్టూ సిమెంటు మాలుతో చిన్న కట్ట కట్టి, పైపు మూతికి గుడ్డ బిగించి, రెండు అంగుళాలకు మించకుండా నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచాలి. పల్లంగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి, ఒక భాగం ఫలితం చూశాకే రెండో దానికి వెళ్లండి. కింద సీలింగు మీద తడి అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ, గంట రాసుకోండి. పెద్ద ఎండలు ముదరకముందు ఈ పరీక్ష చేసుకుంటే మరమ్మతుకు సమయం మిగులుతుంది.

ఇక ఆ రెండు అంగుళాల కాంక్రీటు సంగతి. దీన్ని నేను గట్టిగానే వద్దంటాను. చదరపు మీటరుకు సుమారు 100 కిలోలకు పైగా బరువు పెరుగుతుంది. మీ స్లాబు 100 గజాలది అనుకుంటే అది దాదాపు 84 చదరపు మీటర్లు, అంటే ఎనిమిది టన్నులకు పైబడిన బరువును శాశ్వతంగా నెత్తిన పెట్టుకున్నట్టు. జనం ఎక్కి తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు ఇంచుమించు 150 కిలోలు. అందులో మూడింట రెండు వంతులకు పైగా ఈ పొరే తినేస్తుంది. పైగా పాత స్లాబుకు సరిగా అతకని కొత్త పొర కొన్ని ఎండాకాలాలకు తానూ పగులుతుంది. అప్పుడు రెండింటి మధ్య చేరిన నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

దానికి బదులు చేయవలసిన పని తేలిక, కానీ తొందరపాటు పనికిరాదు. పగులు వెంట సుత్తి, ఉలితో అర అంగుళం వెడల్పున వి ఆకారంలో గాడి తీయండి. దుమ్మంతా బ్రష్షుతో ఊడ్చి, తడిపి, నిలిచిన నీళ్లు తుడిచేసి, పాలిమర్ ద్రవం కలిపిన సిమెంటు మాలు నింపండి. ఎంత కలపాలో, ఎలా ఆరనివ్వాలో డబ్బా మీద రాసినదే పాటించండి. పిట్టగోడ మూలలో మామూలు సిమెంటు, సన్న ఇసుక మాలుతో గోల తిప్పండి, అంటే ఆ మూలను గుండ్రంగా పూడ్చండి. నీళ్లు నిలిచే కోణం అక్కడ లేకుండా పోతుంది. ఈ గోల మీద తడి గోనె సంచులు పరిచి వారానికి తగ్గకుండా నీళ్లు పట్టాలి. కాంక్రీటుకు కనీసం 7 రోజులు, ఎండగా పొడిగా ఉన్న వాతావరణంలో 10 రోజులు తడి ఉంచాలన్నది ప్రమాణం, గోల విషయంలోనూ నేను అదే లెక్క పెట్టుకుంటాను. తరువాత అది ఎండిపోయేదాకా ఆగి, అప్పుడు డాబా మీద వేసే అక్రిలిక్ వాటర్‌ప్రూఫ్ పూత మొదలుపెట్టండి. మొదటి పూత నీళ్లు కలిపి పలుచగా వేయాలి. రెండో పూత తడిగా ఉండగానే పగుళ్ల మీద, మూలల్లో ఫైబర్ జాలీ పరిచి బ్రష్షుతో అదిమితే అది పూతలో కూరుకుపోతుంది. మూడోది రెండోదానికి అడ్డంగా నడవాలి. పూతను పిట్టగోడ మీదికి ఒక అడుగు ఎత్తుదాకా ఎక్కించండి, చాలామంది ఇక్కడే పిసినారితనం చూపిస్తారు. తెల్ల పూత తీసుకుంటే ఎండ వేడి కూడా కొంత తగ్గుతుంది.

సమయం విషయానికి వస్తే ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం వేసిన పూత పైన అట్టకట్టి లోపల పచ్చిగా ఉండి, బుడగలుగా లేస్తుంది, కాబట్టి అప్పుడు చేయక తప్పకపోతే పొద్దు వాలాక వేయండి. మృగశిర దాటి వానలు పడ్డాక మాత్రం స్లాబు లోపల తడి ఉంటుంది, దాని మీద ఎంత ఖరీదైన పూత వేసినా నిలవదు. అప్పటిదాకా వాయిదా పడితే ఆ ఏడాదికి టార్పాలిన్ పట్టా కప్పి ఆగడమే నయం.

మీరు చేయకూడని సందర్భం కూడా చెప్పాలి. సీలింగు పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఇనుప సలాకలు బయటికి కనిపిస్తుంటే దాని మీద గిలాబు పూసి కప్పకండి. తుప్పు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే అది కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పైన పూసింది కొన్నాళ్లకు ఎవరి నెత్తినో పడుతుంది. ఎన్‌ఐటీ ఉన్న ఊళ్లో స్ట్రక్చరల్ ఇంజనీరు దొరకడం కష్టం కాదు, ఒకసారి పిలిపించి చూపించండి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగి, ఎండాకాలం వెడల్పై వానాకాలం ముడుచుకునే పగుళ్లుంటే, ముఖ్యంగా మీది నల్లరేగడి నేలైతే, అది పునాది కింద మట్టి కదలిక కావచ్చు. దానికీ ఇంజనీరే కావాలి.

గోడ విషయంలో వరుస తప్పకండి. పైన నీళ్లు ఆగకముందే లోపల డ్యాంప్‌ప్రూఫ్ రంగు వేయడం డబ్బు దండగ. పైన పని అయ్యాక లేచిన రంగు గీకి, గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చి, తెల్లగా పూసిన ఉప్పును కడగకుండా పొడి బ్రష్షుతోనే దులిపి, ఆ తరువాత పుట్టీ, రంగు వేసుకోండి. చెమ్మ పైనుంచి కాక నేల నుంచి నడుము ఎత్తుదాకా ఎక్కుతుంటే అది వేరే జబ్బు, డాబా పూతతో పోదు.

నల్లాలు నిస్సందేహంగా మీరే చేసుకోవచ్చు. ట్యాంకు వాల్వు మూసి, పాత వాషరో కార్ట్రిడ్జో విప్పి, అదే పట్టుకుపోయి దుకాణంలో దానికి సరిపోయేది అడగండి. మరకు టెఫ్లాన్ టేపును నల్లా తిరిగి బిగుసుకునే దిక్కుకే చుట్టాలి. బోరు నీళ్ల సున్నం పట్టి ధార సన్నబడితే నల్లా మూతి జాలీని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే చాలు.

స్విచ్‌బోర్డు విషయంలో నేను చేసేది ఒకటే. మెయిన్ దించి, టెస్టరుతో రెండుసార్లు చూసుకుని, పాడైన స్విచ్ మార్చి అదే తీగలను అదే చోట బిగించడం. కొత్త లైను లాగడం, గీజరుకో ఏసీకో పాయింటు పెట్టడం, ఎర్త్ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుకే వదలండి, వచ్చినప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే స్విచ్, పెట్టించుకోండి. స్లాబు తడిసి తీగల పైపుల్లోకి నీళ్లు వచ్చే ఇంట్లో ప్రాణాలు కాపాడేది అదే. మీటరుకు ముందున్న సర్వీసు తీగలో లోపముంటే అది విద్యుత్ సంస్థ వాళ్ల పని, 1912కు ఫోను చేయండి.

పిట్టగోడ బయటి వైపు పగుళ్లకు మాత్రం మీరు నిచ్చెన ఎక్కకండి. చాలా కాలనీల్లో కరెంటు తీగలు డాబాల పక్క నుంచే పోతున్నాయి, చేతిలో ఇనుప కడ్డీ గానీ అల్యూమినియం నిచ్చెన గానీ ఉంటే ప్రమాదం. ఆ పనికి మీ సుతారినే పిలిచి, కాంక్రీటు మాట పక్కన పెట్టి, బయటి గిలాబు, పిట్టగోడ తల మీద నీళ్లు డాబా వైపు జారేలా వాలు, ఈ రెండింటికే రోజు కూలి మాట్లాడుకోండి.