వెన్ తర్వాత విల్ పెట్టిన అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు కథ చేరింది. బాగుంది, చివరిదాకా చదివించింది. ఇక అసలు సంగతి. బెజవాడ సింగ్‌నగర్‌లో వరదకు మేడ మీద చిక్కుకుపోయిన నాయనమ్మ పడవవాడితో ‘వెన్ ది వాటర్ విల్ గో డౌన్, ఐ విల్ కమ్ డౌన్’ అంటుంది. అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆవిడ పడవవాడితో ఇంగ్లీషులో మాట్లాడిందా? ‘నీళ్లు తీశాక దిగుతాలే నాయనా’ అని ఉంటుంది. ఆ తెలుగులో వంక పెట్టడానికేమీ లేదు. అంత శుభ్రమైన మాటను తప్పుల ఇంగ్లీషులోకి దించి ఆ ముసలావిడకు అంటగట్టావు. చదివేవాడు తప్పు నీదనుకోడు, ఆవిడదనుకుంటాడు. ఆవిడ ఇంగ్లీషులో ‘వెన్ ది వాటర్ గోస్ డౌన్, ఐ విల్ కమ్ డౌన్’ అనాలి.

రేపటి సంగతి కదా, విల్ ఉండొద్దా అంటావు. ఒకచోట ఉంటే చాలు. దిగుతాను అన్న అసలు వాక్యంలో ‘విల్’ ఉంది, జరగబోయేదని అందరికీ తెలిసిపోయింది. వెన్, ఇఫ్, ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, అన్‌లెస్, యాజ్ సూన్ యాజ్, బై ద టైమ్ అని మొదలయ్యే ముక్కలో ఇంగ్లీషువాడు మామూలు వర్తమానమే వాడతాడు. పాత దస్తావేజుల్లో ‘ఇఫ్ ది టెనెంట్ షల్ ఫెయిల్’ లాంటివి కనిపిస్తాయి. అవి చూపించి నాతో వాదించకు. నువ్వు రాసింది కథ, అద్దె ఒప్పందం కాదు.

ఊరంతా స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులే. ప్రతి బోర్డు కిందా ‘ఇంగ్లీషులోనే ఆలోచించు’ అనే ఉపదేశం ఒకటి. నాకు దాని మీద బొత్తిగా నమ్మకం లేదు. ఈ విల్ విషయంలో మాత్రం తెలుగులో ఆలోచించినవాడే తప్పు చేయడు. వస్తే, వచ్చాక, రాగానే, వచ్చేదాకా, వచ్చేలోపు, వచ్చినప్పుడు: ఇందులో ఎక్కడైనా రేపు అనేది ఉందా? వచ్చింది నేనో, నువ్వో, వాడో కూడా క్రియ చెప్పదు. హిందీవాడికి ‘జబ్ ఆయేగా’ అని భవిష్యత్తు క్రియలోనే ఉంటుంది కాబట్టి ‘వెన్ హి విల్ కమ్’ అని జారితే అర్థం చేసుకోవచ్చు. మనకు ఆ సాకు లేదు. రేపు అనగానే విల్ అని బళ్లో నూరిపోసిన సూత్రమే మన చేత ఈ తప్పు చేయిస్తోంది.

అందుకని విల్ రాసిన ప్రతిచోటా ఆగి ఆ ముక్కను తెలుగులో అనుకో. క్రియ వస్తే, వచ్చాక, రాగానే లాంటి రూపంలోకి వెళ్లి ఎవరన్నది పోగొట్టుకుందా, విల్ కొట్టెయ్యి. వస్తాను, వస్తాడు, వస్తుంది అని ఎవరో తెలిసేలా నిలబడిందా, విల్ ఉంచు. ‘వచ్చినా’ అంటే ‘ఈవెన్ ఇఫ్ హి కమ్స్’. ‘వస్తాడు కాబట్టి’ అంటే ‘బికాజ్ హి విల్ కమ్’. ‘వచ్చినా రాకపోయినా’ అన్నచోట విల్ ఉండదు, ‘వస్తాడో రాడో తెలీదు’ అన్నచోట ఉంటుంది. ఇంగ్లీషులో రెంటికీ ముందుండేది ఆ ‘వెదర్’ ఒక్కటే. తేడా తెలుగులోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నాలుగో పేజీలో ఎవరి మాటో విని కాబోలు, ఉన్న విల్ కూడా పీకేశావు. ‘ఐ డోంట్ నో వెన్ ది బోట్ కమ్స్’ అన్నావు. ఇలా అంటే పడవకు రైలులాగా టైమ్‌టేబుల్ ఉన్నట్టూ, అదేదో ఆ తల్లికి తెలియనట్టూ వినిపిస్తుంది. ఆమె అన్నది ‘పడవ ఎప్పుడొస్తుందో తెలీదు’ అని. వస్తుంది అని నిలబడి, పైన ఓ చేరింది. కాబట్టి ‘వెన్ ది బోట్ విల్ కమ్’ అనే ఉండాలి. ‘పడవ రాగానే కేకెయ్యి’ అన్నచోట ‘కాల్ మి వెన్ ది బోట్ కమ్స్’ చాలు.

అంతకంటే సున్నితమైనది ఇఫ్. ‘మీ నాన్న రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తా’ అంటే ‘ఇఫ్ హి డజంట్ కమ్’. ‘మీ నాన్న రానంటే నేనొక్కదాన్నే వెళ్తా’ అంటే ‘ఇఫ్ హి వోంట్ కమ్’. మొదటిదాంట్లో ఆయనకు ఏదో అడ్డుపడి ఉండొచ్చు. రెండోదాంట్లో ఆయన మొండికేశాడు. నీ కథంతా ఆ మొండితనం మీదే నడుస్తోంది కాబట్టి వోంట్ ఉండి తీరాలి. అలాగే ‘కాసేపు కూర్చుంటానంటే ఆయన్ని పిలుస్తాను’ అన్నదానికి ‘ఇఫ్ యు విల్ సిట్ ఫర్ ఎ మినిట్’ అనడం మర్యాద. ‘చెప్తే అమ్మ మనసు కుదుటపడుతుందంటే చెప్తా’ అన్నదానికి ‘ఇఫ్ ఇట్ విల్ కామ్ హర్’ అన్నా సరైనదే. ఇలా క్రియకు ‘అంటే’ చేరినచోట ఇఫ్ పక్కన విల్‌కు చోటుంది. ఇఫ్ పక్కన విల్ కనపడితే చాలు, వెనకాముందూ చూడకుండా ఎర్రసిరాతో గీకేసే సంపాదకులున్నారు. సగం చదివిన వ్యాకరణం వాళ్లది. ఇలాంటి వాళ్లు ఎన్ని కథల్లో మొండివాళ్లను ఊరికే ఆలస్యమైనవాళ్లుగా మార్చేశారో. నీ వోంట్ ఎవరైనా దిద్దితే ఊరుకోకు, అడుగు.

ఈ పద్ధతి వెన్, ఇఫ్ కుటుంబానికే. ‘వానొస్తుందేమోనని గొడుగు పట్టుకెళ్లు’ అన్నచోట వస్తుంది అని నిలబడే ఉన్నా ఇంగ్లీషులో ‘ఇన్ కేస్ ఇట్ రెయిన్స్’. ‘వచ్చేలా’ అన్నదానికి ‘సో దట్’ తర్వాత విల్ ఉన్నా పర్వాలేదు. ‘రాబోయే పడవ’ లాంటివి వేరే లెక్క. ఆ మూడూ గుర్తుపెట్టుకో.

ఇప్పుడు నీ కథనం. కథ జరిగిపోయిన కాలంలో చెప్పావు కాబట్టి విల్ కాస్తా వుడ్ అయింది. జబ్బు మాత్రం అదే. ‘షి సెడ్ షి వుడ్ కమ్ డౌన్ వెన్ ది వాటర్ వుడ్ గో డౌన్’ అన్నావు. రెండో వుడ్ తీసేసి ‘వెంట్ డౌన్’ అను. ‘ఎవ్రీ టైమ్ ఎ బోట్ వుడ్ కమ్, ది చిల్డ్రన్ వుడ్ షౌట్’ అన్నది మరీ తప్పని అనను కానీ నీరసం. ‘ఎ బోట్ కేమ్’ చాలు. ఏడో పేజీలో పేరాకు అయిదారు వుడ్‌లు దొర్లాయి. అసలు వాక్యాల్లోవి ఉంచి, వెన్, ఇఫ్ ముక్కల్లోవి తీసెయ్, పైన చెప్పిన ‘ఎప్పుడొస్తుందో’, ‘రానంటే’ లాంటివి తప్ప. ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’ అమెరికావాళ్ల నోట వినపడుతుంది. నువ్వు మాత్రం ‘ఇఫ్ ఐ హాడ్ నోన్’ అని రాయి.

విల్ పోయాక హావ్ కావాలా అన్నది ఇంకో చిక్కు. ‘తినేటప్పుడు ఫోన్ చేస్తా’ అంటే ‘వెన్ ఐ ఈట్’. ‘తిన్నాక చేస్తా’ అంటే ‘వెన్ ఐ హావ్ ఈటెన్’. తినడం, చదవడం, వండడం లాంటి సాగే పనులకు ఈ తేడా చూపాలి. రావడం, ఆగడం, చేరడం చిటికెలో అయిపోయేవి, వాటికి హావ్ అక్కర్లేదు. అంటిల్, అన్‌లెస్ పక్కన నాట్ పెట్టకు. ‘పడవ వచ్చేదాకా’ అంటే ‘అంటిల్ ది బోట్ కమ్స్’, ‘పడవ వస్తే తప్ప’ అంటే ‘అన్‌లెస్ ది బోట్ కమ్స్’. లేదు, కాదు అన్నది వాటి కడుపులోనే ఉంది.

ప్రకాశం బ్యారేజీ దగ్గర ‘ఇఫ్ ది ఫ్లో విల్ క్రాస్ 3.97 లాక్ క్యూసెక్స్, దే విల్ ఇష్యూ ది ఫస్ట్ వార్నింగ్’ అని రాశావు. అంకె సరైనదే. అయితే అది ఎప్పుడూ ఉండే నియమం కాబట్టి రెండు విల్‌లూ పోవాలి: ‘ఇఫ్ ది ఫ్లో క్రాసెస్’, ‘దే ఇష్యూ’. పైగా 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు వాగు. కృష్ణమ్మ గేట్ల మీద ఆ నేరం మోపకు, బెజవాడ పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

మీ కాలేజీ లెక్చరర్ పాత్ర ‘వెన్ యు విల్ గో టు యు.ఎస్., యు విల్ అండర్‌స్టాండ్’ అంటాడే, అది అలాగే ఉంచు. ఆయన నిజంగా ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాడు, ఆ తప్పు ఆయన సొంతం. ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ల తప్పులు వాళ్లకే వదిలెయ్, తెలుగులో మాట్లాడేవాళ్లకు మాత్రం మంచి ఇంగ్లీషు ఇవ్వు.

ఏ పత్రికకు పంపాలి, పేరు మార్చాలా అని అడిగావు. అవి తర్వాత. ముందు నాలుగు, ఏడు పేజీలు తిరగరాసి పంపు. వరసల మధ్య ఎడం వదులు, దిద్దడానికి చోటు చాలడం లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు